వైమానిక దాడికి నేను చెప్పిన అర్థం

కూర్చో. అట్ల గోడకు ఒరిగి కాదు, చక్కగ కూర్చొని విను. ఫోన్ బోర్ల పెట్టు. నీకు తెలుగు అక్షరాలు సరిగ రావని నాకు తెలుసు, మరాఠీ అక్షరాలల్లనే రాసుకో, మాట మాత్రం నాది నా లెక్కనే ఉండాలె. నడుమ నడుమ "నానమ్మా, పుఢే కాయ్" అని తొందర పెట్టకు. ముందుకు ఏమైందో అదే వస్తది.

మొన్న టీవీ చూసుకుంట అడిగినవు, వైమానిక దాడి అంటే ఏందని. నేను లేచి వంటింట్లకు పోయిన. పప్పు మాడుతుందని పోలేదు. ఆ మాటకు అర్థం చెప్పుడు నేను ఎప్పుడో మానుకున్న. ఒకసారి చెప్పిన, చాలు. ఆ సంగతే ఇది.

అప్పుడు మేము ఈ మరాఠోళ్ల దిక్కే, లాల్‌పేట్ల గని క్వార్టర్లల్ల ఉంటుంటిమి. మీ తాతకు ఓపెన్ కాస్ట్ గనిల బ్లాస్టింగ్ గ్యాంగుల పని. బారూదు పెట్టుడు, బొగ్గు మీది మట్టిని, రాయిని పేల్చుడు. దేశానికి తలుపులు తెరుస్తరట, బయటి సామాన్లన్ని వస్తయట అని బజార్ల మాట్లాడుకునుడు ఆ ఏడే మొదలైంది. మా దిక్కు కొత్తగ వచ్చింది మాత్రం ఒక్కటే, మన తెలుగు కిరాణా సేటు ఇంటి మీద గొడుగును తిరగేసి పెట్టినట్టున్న డిష్. దాంట్ల అరబ్బు దేశాల లడాయి కనవడ్తదని మొగవాళ్లు సాయంత్రం పోయి, సేటు గడపల నిలబడి చూసి వచ్చేది. ఆడవాళ్లకు మాత్రం టీవీ నేనే.

ఎందుకంటే మా క్వార్టర్ల లైన్ల తెలుగు చదవొచ్చిన ఆడమనిషిని నేనొక్కదాన్నే. ఏడో తరగతి, మంచిర్యాల దిక్కు బడి. పాసైన అని చెప్పుకుంట గాని, పాసైనవాళ్ల పేర్లు బడి గోడకు అంటించిన నాడే నా పెండ్లి. మా ఇంటోళ్లు ఎవరూ పోయి చూడలేదు, నేను కూడ అడగలేదు.

తెలుగు పేపరు బల్హార్షాకు రైల్ల వచ్చి, అక్కడి నుంచి సేటు దుకాణానికి వచ్చేది. సేటు చదివినంక, దాంట్ల బెల్లం కట్టకముందే నేను పోయి తెచ్చుకునేది. అంటే మా లైన్ల ఏ లడాయి అయినా ఒకరోజు ఆలస్యంగనే జరిగేది. చదివేటప్పుడు మీ తాత కండ్లద్దాలు పెట్టుకునేదాన్ని. నాకు చూపు మంచిగనే ఉండె. ఆ అద్దాలు పెట్టుకుంటే అక్షరాలు అలుక్కపోయేవి. అందుకని ముక్కు మీదికి జార్చి, పైనుంచి చూసి చదివేది. అద్దాలు లేకపోతే వార్తకు బరువు ఉండదని నా నమ్మకం.

పగటి పూట వంట అయినంక ఆడవాళ్లు చాటలు పట్టుకొని మా వరండాలకు వచ్చేవాళ్లు. వాళ్లు బియ్యంల రాళ్లు ఏరుకుంట వినేది, నేను చదివేది. నా బియ్యం కూడ వాళ్లే ఏరిపెట్టేది. చదువుకున్నదానికి నాకు దొరికిన జీతం అదే.

అరబ్బు దేశాల లడాయి మొదలైనప్పుడు పేపరు మొదటి పేజీల ఇంతింత అక్షరాలు, వైమానిక దాడులు అని. గట్టిగ చదివిన. ఒక్కరికి కూడ తెలియలేదు. ఇక్కడ హిందీల హవాయీ హమ్లా అంటరు, మరాఠీల హవాయీ హల్లా అంటరు, ఆ ఒక్క మాట అంటే అందరికి తెలిసిపోయేది. కాని అందరికి తెలిసిన మాట చెప్పేటందుకు నేను అద్దాలు పెట్టుకోవాలెనా. విడమరిచి చెప్ప మొదలుపెట్టిన.

"విమానం ఎరుకే గదా. గా విమానం మీదికెళ్లి చేసేది వైమానికం. దాడి అంటె మీద పడుడు."

పక్క క్వార్టర్ ఆమె అడిగింది, "గద్ద కోడిపిల్ల మీద పడ్డట్టా అక్కా?"

"గద్దకు ఒక్క పిల్ల కావాలె. దీనికి గంప కింద ఉన్నయన్ని కావాలె," అన్న.

ఆ మాట నాకే ఎంత నచ్చిందంటే, అక్కడితో ఆగిపోతే బాగుండేది. ఆగలేదు. ఇత్తడి తాంబాళం తెచ్చి కింద పెట్టిన. పీట ఎక్కిన. పిడికెడు బియ్యం తీసుకొని, చెయ్యి ఆకాశానికి లేపి, నోటితో విమానం చప్పుడు చేసుకుంట కొన్ని కొన్ని గింజలు జారవిడిచిన. తాంబాళం గల్లుగల్లుమన్నది. సగం గింజలు బయట పడి వరండా అంతా చిందినయ్. ఆడవాళ్లు చేసే పని ఆపి చూస్తున్నరు. నాకు ఇంకా హుషారు వచ్చింది.

అక్కడనే స్తంభం పక్కకు పెద్దవ్వ కూర్చొని ఉంది. పెద్దవ్వ అంటే మా క్వార్టర్ల వెనుక బస్తీల రేకుల ఇంటి ముసలామె. ఆమె మొగడు గనిల చేసి చేసి పోయిండు. ఒక్కడే కొడుకు. గనిల పని దొరకక, సెంట్రింగు పనికి సౌదీ పోయిండు. ఇంట్ల పెద్దవ్వ, కోడలు ఇద్దరే. అప్పుడు మాకు సౌదీ అన్నా, కువైట్ అన్నా, ఇరాక్ అన్నా అన్నీ దుబాయే. లడాయి దుబాయిల అయితుంది, పెద్దవ్వ కొడుకు దుబాయిల ఉన్నడు. ఇంతే మా భూగోళం. పీట మీద నిలబడ్డప్పుడు ఇది నాకు గుర్తుండాలె. నాకు గుర్తున్నది ఒక్కటే, కొంగు జారకుండ ఉందా లేదా అని.

పెద్దవ్వ నెమ్మదిగ అడిగింది, "ఏ గింజ ఏడ పడ్తదో ముందుగాల తెలుస్తదా పిల్లా?"

"తెల్వదు పెద్దవ్వా. గదే వైమానిక దాడి," అన్న. పాఠం మంచిగ కుదిరిందని చేతులు కూడ దులుపుకున్న.

పెద్దవ్వ తన కాళ్ల దగ్గర పడ్డ గింజలు ఒక్కొక్కటి ఏరి, నా చాటల వేసి, లేచి పోయింది. ముసలామెకు నడుము నొస్తుంది కావచ్చు అనుకున్న.

ఇంక ఆ మాటను మా లైన్ల ఆగపట్టుకునేవాళ్లు లేరు. ఎండబోసిన జొన్నల మీద పావురాలు వాలితే వైమానిక దాడి. ఉయ్యాలల పసిపిల్లగాడు పైనుంచి ఉచ్చ పోస్తే వైమానిక దాడి. ఒకామె ఇంటికి సాస్తి ఊరి నుంచి అత్త వస్తుందని కబురొస్తే, "ఐతారం నాకు వైమానిక దాడి ఉన్నదక్కా, విననీకె రాను," అని చెప్పి పోయింది. తెలుగు రాని మరాఠీ ఆమె కూడ కాకిని కొట్టుకుంట ఆ మాటే అన్నది. నాకైతే ఒక బిడ్డను కని నడక నేర్పినంత గర్వం. పంపు దగ్గర ఎవరైనా ఆ మాట అంటే, అది నేను నేర్పిందే అన్నట్టు బిందె పక్కకు పెట్టి నిలబడేదాన్ని.

అట్ల ఉండగ ఒక సాయంత్రం పెద్దవ్వ కోడలు వెనుక తలుపు దగ్గరికి వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు.

"అక్కా, మా అత్త అన్నం ముడ్తలేదు."

"పానం బాగలేదా?"

"పానం మంచిగనే ఉన్నది. నువ్వు బియ్యం పోసి చూపెట్టిన కాడికెళ్లి గంతే. పళ్లెం ముందట పెడ్తె మెతుకుల దిక్కు జూస్తది, పక్కకు జరుపుతది. చాయ తాగుతది, గంతే. ఆయన సంగతి ఏం తెలుస్తలేదు. ఈమె గిట్ల కూసుంటె నేనేం జెయ్యాలె?"

ఆ పిల్ల కోపంగ అంటే నేను కూడ నాలుగు మాటలు అనేదాన్ని. కోపంగ అనలేదు. మీ తాత లోపల అన్నం తినుకుంట అంతా విన్నడు.

"పండితురాలా, బియ్యం కింద పోసి ముసలామెను పస్తు పెట్టినవ్. ఇప్పిన మూట నువ్వే కట్టు పో," అన్నడు. అని, ఇంకొంచెం పప్పు వెయ్యమన్నడు.

మరునాడు పగటి పూట జావ కాసి గిన్నెల పోసుకొని పోయిన. అద్దాలు కూడ పెట్టుకొనే పోయిన, ఏమైనా చదువాల్సి వస్తదేమో అని. పెద్దవ్వ రేకుల కింద మంచం మీద కూర్చొని ఉంది. మొఖం గుంజుకపోయింది. చేతుల వెండి కడియాలు మోచేతి దాకా జారుతున్నయ్.

"పెద్దవ్వా, పేపర్ల రాసిండ్రు. మన తెలుగోళ్లున్న కాడ బాంబులు వెయ్యరంట," అన్న.

"పైకెళ్లి జూస్తె తెలుగు కనవడ్తదా?"

"గది గాదు. ఆడ అంత మబ్బు ఉన్నదట. మబ్బుంటె విమానం లేవదు."

"ఉత్త ఎండల దేశం అని నువ్వే చదివితివి గదా."

వినేవాళ్లకు ఇంత జ్ఞాపకం ఉంటదని నాకు తెలిస్తే, అన్ని రోజులు అంత గట్టిగ చదివేదాన్నే కాదు. జావ చల్లారుతుంది. ఇంకో అబద్ధం వెతుక్కుంట గిన్నె చేతుల తిప్పుతున్న. అప్పుడే గనిల మధ్యాహ్నం సైరన్, మేము భోంగ అనేది, మోగింది.

నీకు తెలుసు గదా, గనిల పేల్చే ముందు భోంగ కొడ్తరు. ఎర్ర జెండా పెడ్తరు. అందరు దూరం జరుగుతరు. అప్పుడు పేలుస్తరు, మన గోడల మీది గిన్నెలు గలగలమంటయ్. అంతా అయినంక ఇంకో భోంగ కొడ్తరు, ఇంక రావచ్చు అని. గనుల ఊరిల పుట్టిన పసిపిల్లకు కూడ ఈ లెక్క తెలుసు. ఆ భోంగ వినంగనే నాకు బుద్ధి పుట్టింది. బుద్ధి అని నేను అనుకున్న.

"గిదే పెద్దవ్వా, గీ లెక్కనే. ఆడ గూడ ముందుగాల భోంగ కొడ్తరు. మనోళ్లు దూరం పోతరు. గప్పుడు ఏస్తరు. మల్ల భోంగ కొడ్తె వచ్చి అన్నం వండుకుంటరు."

పెద్దవ్వ తలకాయ ఎత్తింది. "పైన తిరిగెటోడు భోంగ ఎందుకు కొడ్తడు పిల్లా? ఆనికేం పని?"

"రూలు పెద్దవ్వా. కొట్టకుంటె సస్పెండ్ చెయ్యరా?"

సస్పెండ్ అన్న మాటకు ఆమె మెత్తవడ్డది. గనిల మొగడు చేసిన మనిషి గదా, దేవునికంటె సస్పెండ్‌కు ఎక్కువ భయపడ్తరు మనోళ్లు. "ఆడ గూడ సస్పెండ్ ఉంటదా?" అన్నది.

"ఉండదా మరి. ఆళ్లది నౌకరే గదా."

నిజం చెప్పాలెనంటే, ఇదంతా చెప్పుకుంట చెప్పుకుంట నేను కూడ నమ్మిన. మీ తాత ఎట్ల జెండా పట్టుకొని పక్కకు నిలబడ్తడో, అట్ల విమానం నడిపేటోడు కూడ ఒక జెండా ఊపుతడనుకున్న. ఏడో తరగతి చదువు అంతవరకే తీసుకపోయింది.

గనిల ఢమ్మన్నది. రేకులు అదిరినయ్. కొంచెం సేపటికి రెండో భోంగ మోగింది. పెద్దవ్వ చెయ్యి చాపింది. జావ గిన్నె ఇచ్చిన. తాగింది. కోడలు గడపల నిలబడి కండ్లు తుడుచుకున్నది.

ఆ నాటి నుంచి పెద్దవ్వ ఒక నియమం పెట్టుకున్నది. రెండో భోంగ కొట్టినంకనే తినాలె. మన గనిల భోంగ కొడితే, ఆమె లెక్కల అక్కడ కొడుకు దిక్కు కూడ కొట్టినట్టే. దూరం పోయి, మళ్ల వచ్చి, అన్నం వండుకున్నట్టే. తిననీ, ఎట్లనన్నా తిననీ అనుకున్నం. ఐతారం వచ్చేదాకా మంచిగనే నడిచింది. ఐతారం గనిల పేల్చరు. భోంగ లేదు. పెద్దవ్వ అన్నం ముట్టలేదు.

కోడలు మళ్ల వెనుక తలుపు దగ్గరికి వచ్చింది. నేను మీ తాతను అడిగిన, ఐతారం ఒక్కసారి భోంగ కొట్టిపియ్యరాదా అని.

"ఉత్తగ భోంగ కొడ్తె గనంత ఉరుకుతది. గప్పుడు నన్ను సస్పెండ్ జేస్తరు. నీ విమానాల రూలు గాదు, ఇది అసలు రూలు," అన్నడు.

ఇంకేం చెయ్యాలె. మరుసటి ఐతారం నేనే పోయిన. పెద్దవ్వ ఇంటి వెనుక బొగ్గు కుప్ప ఉండేది, దాని చాటుకు కూర్చున్న. రెండు చేతులు నోటి దగ్గర దొప్ప లెక్క పెట్టి భోంగ కొట్టిన. మొదలు ఈనలేని బర్రె అరిచినట్టు వచ్చింది. బస్తీ కుక్కలన్ని లేచి నాతోటి గొంతు కలిపినయ్. నడుమ పేల్చుడు కూడ ఉండాలె గదా, ఖాళీ నూనె డబ్బాను రాయితో బాదిన. మళ్ల ఊపిరి పీల్చుకొని రెండో భోంగ. ఈసారి కొంచెం మెరుగు. బహిర్దెసకు పోతున్న ఒక మనిషి చెంబు పట్టుకొని నిలబడి, నన్ను చూసి, ఏం అడగకుండ ఇంకో దిక్కు తిరిగి పోయిండు.

లోపల కోడలు కొంగు నోట్ల కుక్కుకున్నదట. పెద్దవ్వ మాత్రం ఏం నవ్వలేదు. "ఇయ్యాల భోంగకు జలుబు జేసినట్టున్నది," అన్నదట. అని, పళ్లెం తెమ్మన్నది.

అన్ని ఐతారాలు అట్లనే గడిచినయ్. మీ తాత రోజూ అడిగేటోడు, గొంతుకు శొంఠి కషాయం పెట్టియ్యాల్నా అని. "నాకు గనోళ్లు జీతమన్నా ఇస్తరు, నీకు అదీ లేకపాయె," అనేటోడు.

పేపరు చదువుడు కూడ మారింది. వైమానిక దాడి అన్న అక్షరాలు కనవడ్తే వేలు అడ్డం పెట్టేది. దాటేసి పత్తి ధర చదివేది, చీరల దుకాణం ప్రకటన చదివేది. "లడాయి ఏమైందక్కా," అని అడిగితే, "ఇయ్యాల లడాయికి సెలవు," అనేదాన్ని. ఆడవాళ్లు ఒక్కొక్కరే రావుడు తగ్గించిండ్రు. నా బియ్యం నేనే ఏరుకున్న.

కొన్నాళ్లకు లడాయి ఆగిందని పేపర్ల వచ్చింది. ఉరుక్కుంట పోయి పెద్దవ్వకు చదివిన, ఆ అక్షరాలు వేలు పెట్టి చూపెట్టిన.

"ఆగితె నా కొడుకేడి?" అన్నది.

పేపరు తిరగేసి చూసిన, అతని సంగతి ఏ మూలకూ లేదు. ఎండకాలం అంతా ఆమె భోంగకే తిన్నది. లడాయి లేకున్నా భోంగ ఉండాలె. నేను ఐతారం బొగ్గు కుప్ప వెనుక ఎండల కూర్చొని, తల మీద తడి తువ్వాల వేసుకొని కొట్టిన.

వానలు మొదలైనంక వచ్చిండు కొడుకు. బల్హార్షాల రైలు దిగి, ఒక్క సంచితోటి. ఆడ పని ఇచ్చిన ఠేకేదారు పాస్‌పోర్టు దగ్గర పెట్టుకొని ఇన్ని రోజులు కదలనియ్యలేదట. కబురు వినంగనే నేను చీర మార్చుకున్న. అద్దాలు తుడుచుకున్న. పెద్దవ్వను బతికిచ్చింది నేనే గదా, నలుగురిల ఎవరన్నా ఆ మాట అంటే, "అయ్యో, నాదేమున్నది," అని ఎట్ల అనాలెనో దారి పొడుగున అనుకుంట పోయిన.

ఇల్లంత జనం. కొడుకు మంచం మీద కూర్చొని ఉన్నడు, నల్లగ, సన్నగ. పెద్దవ్వ అతని మోకాలు మీద చెయ్యి వేసి కూర్చున్నది. నన్ను చూడంగనే అందరి ముందు అడిగింది.

"కొడుకా, భోంగ కొట్టిండ్రా?"

అతనికి ముందు తెలియలేదు. భార్య దిక్కు చూసిండు. ఆమె తల ఊపింది.

"కొట్టిండ్రమ్మా."

"దూరం పోయినవా?"

భార్య దిక్కు ఇంకోసారి చూసి, "పోయినమ్మా," అన్నడు.

"సూసినవా," అన్నది పెద్దవ్వ నా దిక్కు తిరిగి. నేను అద్దాలు సర్దుకున్న. అయ్యో, నాదేమున్నది అనేటందుకు నోరు తెరిచిన, గాని అప్పటికే అందరు అతన్ని దుబాయిల ఎండ సంగతి అడుగుతున్నరు.

జనం పోయినంక అతను చేతులు కడుక్కోనీకె బయటకు వచ్చిండు. నేను చూరు కింద నిలబడి ఉన్న.

"వదినా, అమ్మకు భోంగ సంగతి ఎవలు చెప్పిండ్రు?"

"నేనే. ఎందుకు, కొట్టిండ్రు అంటివి గదా?"

"కొట్టిండ్రు. గాని అది ఏసెటోడు కొట్టేది గాదు వదినా. ఎవల మీద పడ్తయో ఆళ్లు కొట్టుకునేది." నీళ్లు చేతుల మీద పోసుకుంట నవ్విండు. "కొట్టినంక యాడికి పోవాల్నో ఎవడు చెప్పలె. రేకుల షెడ్డు మాది. ఇనుప మంచాలు. మంచం కిందికి దూరి, పక్కోని కాళ్లు పట్టుకొని పండేది. పొద్దున లేచి జూసుకుంటె ఒకని కాళ్లు ఒకని చేతుల."

నాకు నవ్వాలెనో ఏడ్వాలెనో తెలియలేదు. అన్ని రోజులు నేను పుణ్యం అనుకొని బొగ్గు కుప్ప వెనుక కూర్చొని కొట్టింది, అక్కడ ఇతను మంచం కింద విన్నది ఒక్కటే చప్పుడు. నా లెక్కల అది "ఇంక అన్నం తినొచ్చు" అని. అతని లెక్కల అది ఏందో అప్పుడు నాకు తెలిసింది. ఏడో తరగతి కాదు, ఏడు జన్మలెత్తి చదివినా పేపర్ల దొరికే అర్థం కాదది.

అయినా బుద్ధి ఎక్కడికి పోతది. అర్థం తప్పు చెప్పిన గదా, సరిదిద్దాలె అనుకున్న. పండితురాలిని నేను, పెద్దవ్వను తప్పు అర్థం తోటి ఎట్ల వదిలిపెట్టాలె. లోపలికి పోయిన. పోయి చూస్తే, పెద్దవ్వ కొడుకును కూర్చోబెట్టుకొని అదే పళ్లెంల తను కూడ తింటున్నది. గనిల ఇంకా మొదటి భోంగ కూడ కాలేదు. చారు మోచేతి దాకా కారుతుంది, తుడుచుకుంటలేదు.

గడప దగ్గర నిలబడి, "పెద్దవ్వా, గా భోంగ సంగతి నేను కొంచెం తప్పు చెప్పిన, అసలు దాని అర్థం ఏందంటె" అని మొదలువెట్టిన. ఆమె చేతిల ముద్ద అట్లనే పట్టుకొని నా దిక్కు చూసి...

"అత్తమ్మా, అన్నం వడ్డిచ్చిన, చల్లారుతుంది. ఎన్నిసార్లు పిలవాలె, రాండ్రి."

మీ అమ్మే, వంటింట్లకెళ్లి పిలుస్తుంది. ఇగో, వస్తున్న బిడ్డా, ఒక్క మాట ఉన్నది. పెద్దవ్వ నా దిక్కు చూసి, నోట్ల ముద్ద నములుకుంట, "పిల్లా, నువ్వు ముందుగాల లోపలికొచ్చి కూసో, నీ అర్థం సంగతి తిన్నంక జూద్దం," అన్నది. ఇగ రాసుడు ఆపు, పా తిందం.